పైడమ్మ గొట్టం లేకుండా తిరిగొచ్చిన దారి

శ్రీకాకుళం వైపు వెళ్ళొచ్చానని తెలియగానే మా గుడివాడ వీధిలో అందరూ వేసింది ఒకటే ప్రశ్న. అరసవల్లి చూశారా? చూడలేదు. శ్రీకూర్మం? వెళ్ళలేదు. మరి పద్దెనిమిది రోజులు అక్కడేం చేశారండీ అని ఎదురింటావిడ కోర్టులో నిలబెట్టినట్టు అడిగింది. మా స్నేహితురాలు ఒంటికి వెళ్తుందా లేదా అని కాపలా కాశాను అన్నాను. ఆవిడ గేటు వేసుకుని లోపలికి పోయింది.

గేటు వేసుకోని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మా నాన్న రైల్వే ఉద్యోగి. ఆరో తరగతి నుంచి పది దాకా నేను నౌపడలో చదివాను. బెంచీ మీద నా పక్కన కూర్చున్న పిల్ల పేరు పైడమ్మ. లెక్కల్లో నాకంటే చురుకు. పది తప్పగానే ఆమెను వేటకెళ్ళే అప్పన్నకిచ్చి చేశారు. తను ఎండుచేపల బేరంలో పడింది, నేను బీఎస్సీ చదివి గుడివాడలో సంసారంలో పడ్డాను. సెల్‌ఫోన్లు వచ్చాక మళ్ళీ ఒకరికొకరం దొరికాం.

ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. గర్భసంచి మూతి దగ్గర కేన్సరట, ఇంకా చిన్నదేనట, తీసేస్తే పోతుందట. టెక్కలి సంతలో ఎండు నెత్తళ్ళ ధర చెప్పినట్టు చెప్పింది. మరి తీయించుకో అన్నాను. తీయించుకోను అంది.

కారణం ఉంది. వాళ్ళ చిన్నత్తకి ఇదే జబ్బు వస్తే ఎప్పుడో పొట్ట కోసి పెద్ద ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది. కానీ ఒంటికి వెళ్ళే శక్తి పోయింది. ఒక గొట్టం, దాని చివర ఒక సంచీ. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది గానీ, ఒక్క పెళ్ళికీ ఆమెను ముందు వరసలో కూర్చోనివ్వలేదు. వాసన అన్నారు. ఎండుచేపల మధ్య పుట్టి పెరిగిన జనం వాసన అన్నారంటే మనిషిని ఎంత దూరం పెట్టారో ఆలోచించండి.

"గంప నెత్తి మీద, సంచీ తొడకాడ కట్టుకోని సంతకి ఎల్లమంటావేటే?" అంది పైడమ్మ. "అలగ బతకడం నావల్ల కాదు." మళ్ళీ తనే, "నువ్వొస్తే ఆస్పత్రికి ఎల్తానే ఇంద్రీ. డాక్టర్లతో దెబ్బలాడ్డం నాకు రాదు. నీకు వచ్చును" అంది.

యాభై ఏళ్ళు వస్తున్నాయి, నా నోటిని మెచ్చుకుని పిలిచిన మొదటి మనిషి ఆమే. టికెట్టు కొనుక్కున్నాను.

నౌపడ

నా చిన్నప్పుడు నౌపడ నుంచి గుణుపురం వైపు ఒక చిన్న రైలు పోయేది. మనిషి పరిగెత్తితే ఎక్కగలిగేంత వేగం. ఇప్పుడది లేదు, పెద్ద పట్టాలు వేసేశారు. ఉప్పు మడులు మాత్రం అలాగే ఉన్నాయి. రైలు దిగగానే కళ్ళు చికిలించాలి. ఎటు చూసినా తెల్లటి కుప్పలు, వాటి మీద తాటాకు కప్పులు.

మా వైపు చుట్టం వస్తే కాళ్ళకి నీళ్ళిచ్చి, ప్రయాణం బాగా జరిగిందా అంటారు. ఇక్కడ ముందు తిడతారు. ఇంత సిక్కిపోనావేటి, నీ మొగుడు తిండెట్టట్లేదేటి, జుత్తంతా ఏటైపోనాది. ఆ తిట్లన్నీ ప్రేమేనని గుర్తు తెచ్చుకోవడానికి నాకు పది నిమిషాలు పట్టింది. తర్వాత నేనూ తిట్టడం మొదలుపెట్టాను. తిండికి చోడి అంబలి, అంటే మన రాగి అంబలే, పచ్చి ఉల్లిపాయ, కరకరలాడే నెత్తళ్ళ వేపుడు. మా ఇంట్లో ఉలవచారుకి పొంగిపోయే మనుషుల్ని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాలి.

అప్పన్న తక్కువ మాటల మనిషి. పెరట్లో వల ముందేసుకుని కూర్చుంటాడు. వెదురు సూదితో తెగిన కళ్ళు అల్లుతూ, "పేనం దక్కితే సాలు, వదినా. మిగిలినయి ఏటైతే ఏటి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మిగిలినవి ఏమిటో నీకు తెలుసా, నీకు గొట్టం పెడితే వేటకెళ్తావా అని అడిగాను. సూది ఆగింది అంతే.

రెండోసారి గొడవ పెరట్లో ఉన్న గది దగ్గర వచ్చింది. ప్రభుత్వం వాళ్ళు కట్టించిచ్చిన మరుగుదొడ్డి. పసుప్పచ్చ రంగు, తలుపు మీద నంబరు. తెరిస్తే లోపల పైకప్పు దాకా ఎండు కవ్వళ్ళ చేపల బస్తాలు. వానకి తడవకుండా, కుక్కలకి అందకుండా ఊళ్ళో అంతకంటే మంచి గది లేదట. ఒక్క ఇంట్లో కాదు, ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ అంతే.

మరి మీరెక్కడికి వెళ్తారే అంటే, తెల్లారుజామున నన్నూ లేపి తీసుకుపోయింది. ఐదుగురు ఆడవాళ్ళు, ఐదు చెంబులు, ఇసకదిబ్బల అవతల మొగలి పొదలు. పాములుంటాయని, జ్వరాలొస్తాయని, ఇదేం బతుకని నేను దారిపొడుగునా సణుగుతూనే ఉన్నాను. ఎవరూ వినలేదు. వాళ్ళ మాటలు వాళ్ళవి. ఎవరి కోడలు అలిగింది, ఎవరి పడవ ఇంజను మొరాయించింది, ఏ సంతలో ఏది పోతోంది. పొదకొకరు కూర్చునీ మాటలు ఆపలేదు. ఊరి వ్యవహారాలన్నీ అక్కడే తేలతాయి, మగవాళ్ళ పంచాయితీ తర్వాత మాట.

తిరిగొస్తుంటే పైడమ్మ, "గుడివాడలో మీరు ఒక్కొక్కలే గదిలో కూకుంటారేటి?" అని నిజంగా జాలిపడుతూ అడిగింది. అవునన్నాను. "పాపం" అంది.

ఇంకో సంగతి అప్పుడే బయటపడింది. తెల్లారి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే. మధ్యలో పన్నెండు గంటలు సంతల్లో, బస్సుల్లో ఉంటుంది కాబట్టి నీళ్ళు తాగదు. ముప్పై ఏళ్ళుగా అలా బిగపట్టి బతికింది. నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని, నా గ్లాసులో మిగిలిన నీళ్ళు మొక్కకి పోసింది.

శ్రీకాకుళం

బస్సులో మొదటి అనర్థం జరిగింది. స్కానింగు ఫిల్ములు, ముక్క పరీక్ష కాగితాలు అన్నీ పైడమ్మ జాగ్రత్తగా సర్దింది. తన దగ్గరున్న వాటిలో చిరుగులేని సంచీ అదొక్కటే కాబట్టి నెత్తళ్ళ సంచీలో సర్దింది. నరసన్నపేట దాటేసరికి మా చుట్టూ మూడు వరసలు ఖాళీ అయ్యాయి. కండక్టరు వచ్చి ఆ సంచీ వెనక్కి పెట్టమన్నాడు. అందులో మనిషి పొట్టలోని బొమ్మలున్నాయయ్యా, వెనక్కి ఎలా పెడతామని నేను లేచాను. అతను టికెట్లు కొట్టి వెళ్ళిపోయాడు.

నాగావళి వంతెన మీద నుంచి చూస్తే నది సగం ఇసక. ఊళ్ళో ఆటోలు, స్కూటర్లు, కాలేజీ పిల్లలు. మా గుడివాడకి ఏమీ తీసిపోదు, గతుకుల్లో కూడా. హోటల్లో ఇడ్లీ ప్లేటు ఇరవై రూపాయలు, మావైపుకంటే చవక. చట్నీ మాత్రం అడిగినన్నిసార్లు పోస్తారు. పోస్తూ, ఇంకా కావాలేటి అని గదమాయిస్తారు.

డాక్టరుగారు పెద్దాయన. ఫిల్ము కవరులోంచి తీసి వెలుతురుకి పెట్టి, ముక్కు ఎగబీల్చి, "నెత్తళ్ళా?" అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పైడమ్మ చావలేదు. ఎండు నెత్తళ్ళే బాబూ, ఇసక తగలకుండా వల మీద ఆరబెట్టినవి అని చెప్పి, మేం బయటికొచ్చేలోగా కాంపౌండరుకి కిలో అమ్మేసింది.

ఆయన చెప్పింది ఇది. గడ్డ చిన్నది, ఇంకా గర్భసంచి మూతి దాటలేదు. ఆపరేషన్‌కి ఇదే అదను. విజయనగరంలో ఒక డాక్టరమ్మ ఉన్నారు. పొట్ట కోయకుండా చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేస్తారు. మూత్రసంచికి వెళ్ళే నరాలు కాపాడే పద్ధతి ఆవిడ నేర్చుకొచ్చారు. వెళ్ళి మాట్లాడండి.

ఆ ఒక్క ముక్కకి పైడమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "కాపాడతారేటి?" అని ఆయన్ని కాదు, నన్ను అడిగింది. కాపాడేదాకా వదలనని చెప్పాను. నా చేతిలో ఉన్నట్టు.

విజయనగరం

విజయనగరంలో దిగగానే మూడు లాంతర్ల దగ్గరికి తీసుకుపొమ్మంది. అక్కడ పైడితల్లి అమ్మవారి గుడి. ఆవిడ పేరే తన పేరు. లోపలికి వెళ్ళి ఏం మొక్కుకుందో చెప్పలేదు. నేను బయట చెప్పులకి కాపలా ఉన్నాను, దేవుళ్ళతో వాదించే ఓపిక ఆ రోజు లేక.

డాక్టరమ్మకి నలభై దాటి ఉండవు. నేను రాసుకొచ్చిన ప్రశ్నలు రెండు పేజీలు. ఇలాంటివి ఎన్ని చేశారు? పొట్ట కోసి చేస్తే నరాలు మిగలవా? కెమెరాతో చేస్తే కేన్సరు ముక్క వదిలేస్తారా? ఆవిడ పెన్ను కింద పెట్టి వరసగా చెప్పారు. వందల కొద్దీ చేయలేదు, అబద్ధం చెప్పను అన్నారు. పొట్ట కోసి చేసినా నరాలు కాపాడొచ్చు. కెమెరాలో తనకి అన్నీ పెద్దగా కనిపిస్తాయి, అదీ తేడా. గడ్డ పెద్దదైతే ఈ పద్ధతి వద్దనేదాన్నన్నారు.

తర్వాత కాగితం మీద బొమ్మ గీశారు. నిండింది, ఇక పద అని కబురు మోసే నరాలు గర్భసంచికి రెండు పక్కలా, వెనక నుంచి ముందుకి వచ్చి మూత్రసంచిలో కలుస్తాయి. దారప్పోగుల్లాంటివి. పాతకాలంలో చుట్టూ ఉన్న కండంతా వెడల్పుగా కోసి తీసేసేవారు, అందులో ఈ పోగులూ పోయేవి. మూత్రసంచి అక్కడే ఉంటుంది, దానికి కబురే అందదు. ఇప్పుడు పోగుల్ని ఒక్కొక్కటి విడదీసి పక్కకి జరిపి, తీయాల్సింది తీస్తారు.

నేను ఇంకో ప్రశ్న అడగబోతుంటే, గోడకి ఆనుకుని నిలబడ్డ అప్పన్న కదిలాడు.

"వలలో పీత పడ్డట్టేటి, అమ్మా?" అన్నాడు.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. అతను గాల్లో వేళ్ళతో చూపించాడు. "పీత పడితే కాళ్ళతో దారాలన్నీ సుట్టేసుకుంటాది. తొందరున్నోడు వల కోసేసి పీతని తీసేత్తాడు. పని తెలిసినోడు ఒక్కొక్క కన్నూ ఇప్పుతాడు. పీతా వస్తాది, వలా ఉంటాది."

"సరిగ్గా అంతే" అన్నారావిడ. తర్వాత అతని కళ్ళలోకి చూసి, "కానీ పీత కొండి ఏ దారాన్నైనా గట్టిగా పట్టుకుని ఉందనుకో, అప్పుడు దారమే కోస్తాను. కొండిని లోపల వదలను. ముందే చెప్తున్నాను" అన్నారు.

అప్పన్న చాలాసేపు తల ఊపాడు. ప్రాణం దక్కితే చాలన్న మనిషి, ఆ తర్వాత ఆ మాట మళ్ళీ అనలేదు. నా రెండు పేజీల ప్రశ్నలు చేయలేని పని ఒక పీత చేసింది. సంతకం పెట్టేటప్పుడు పైడమ్మ, ఏ దారం కొయ్యాలో ఆ యమ్మకే ఒగ్గేసినాను అంది.

ఆపరేషన్ చాలా గంటలు పట్టింది. వరండాలో సిమెంటు బల్ల మీద నేనూ అప్పన్నా పక్కపక్కనే కూర్చున్నాం. సాయంత్రం డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు కిందికి లాగి, అప్పన్నతోనే చెప్పారు. రెండు పక్కలా వల ఉంది. కానీ లాగినప్పుడు నలిగిన దారాలు, మేలుకోవడానికి టైము పడుతుంది. ఒక్కోసారి మేలుకోకపోవచ్చు కూడా. పది రోజులు గొట్టం ఉంటుంది, ఆ తర్వాత తీసి చూద్దాం.

పొట్ట మీద నాలుగు చిన్న ప్లాస్టర్లు. మూడో రోజుకి పైడమ్మ లేచి నడుస్తోంది. గొట్టం వైపు మాత్రం చూడదు.

గరివిడి

ఆస్పత్రి నుంచి పంపించాక ఊరికి వెళ్ళలేదు. పైడమ్మ కూతురు గౌరి గరివిడిలో ఉంటుంది. అల్లుడు లోహాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. విజయనగరానికి దగ్గర, పైగా ఇంట్లో బాత్రూముంది. సైరన్‌తో నిద్రలేచే ఊరు అది. సముద్రం వాసన లేకపోతే తనకి ఊపిరి ఆడట్లేదని పైడమ్మ గొణిగింది. రెండు బస్తాల ఎండుచేపలు తెప్పించి పెట్టమంటావా అన్నాను.

గౌరి ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేసింది. మా వైపు పనసకాయని పండయ్యేదాకా ఆగుతాం. ఇక్కడ వీళ్ళు అంత ఓపిక పట్టరు, పట్టకపోవడమే మంచిదని ఆ కూర తిన్నాక ఒప్పుకున్నాను. పైడమ్మకి చెంబుల కొద్దీ నీళ్ళు తాగే శిక్ష నేను వేశాను. ముప్పై ఏళ్ళ బాకీ తీరుస్తున్నావు, తాగు అని పక్కనే కూర్చుని తాగించాను.

సంచీని ఆమె బట్టల షాపు కవరులో పెట్టి, చీర కుచ్చెళ్ళ వెనక దాచేది. చూడ్డానికొచ్చిన పక్కింటామె కవరు వైపు చూసి, పాపం ఇక ఎప్పటికీ ఇంతేనా అని నిట్టూర్చింది. నీకు ఎప్పటికీ ఇదే నోరా అని నేను అడిగాను. గౌరి నన్ను వంటింట్లోకి లాక్కుపోయి, ఆవిడతో రోజూ పంపు దగ్గర బతకాలి పిన్నీ అని బతిమాలింది. సరే అన్నాను. మర్నాడు ఆవిడే పెరుగు పట్టుకొచ్చింది.

నేను అసలు చెప్పాలనుకున్నది అప్పన్న సంగతి. ఆ వారం అంతా సంచీ నిండితే ఖాళీ చేసింది అతనే. గౌరి చేస్తానన్నా, నేను చేస్తానన్నా ఇవ్వలేదు. నర్సు చూపించినట్టే చేతులు కడుక్కుని, బిరడా తిప్పి, మగ్గులో వంచి, మళ్ళీ కడిగేవాడు. ఒకసారి పైడమ్మ మొహం గోడ వైపు తిప్పుకుని, "సీదరంగా లేదేటి నీకు?" అంది.

"పడవలో నీళ్ళు తోడినట్టే" అన్నాడు అప్పన్న.

నౌపడలో ఇతన్ని తిట్టిన తిట్టు వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు గానీ, ఆ పూట అతనికి రెండో అట్టు నేనే వేశాను.

మళ్ళీ విజయనగరం

పదో రోజు పొద్దున ఆరింటికి గొట్టం తీసేశారు. లెక్క ఇది. నీళ్ళు తాగాలి, తనంతట తాను ఒంటికి వెళ్ళాలి, వెంటనే స్కానింగులో లోపల ఎంత మిగిలిందో చూస్తారు. వంద మిల్లీలీటర్ల లోపు మిగిలితే ఇంటికి. అంతకంటే బాగా ఎక్కువుంటే మళ్ళీ గొట్టం.

తొమ్మిదింటికి నర్సమ్మ బాత్రూముకి పంపింది. తెల్లటి పలకలు, తెల్లటి కుర్చీలాంటి సీటు, లోపల ఒక్కతే. తలుపు బయట నర్సమ్మ. ఐదు నిమిషాలకోసారి, వచ్చిందామ్మా అని పిలుపు. పైడమ్మ బయటికొచ్చింది. రాలేదు. పదింటికి మళ్ళీ వెళ్ళింది. కుళాయి తిప్పి ఉంచమన్నారు, తిప్పింది. నీళ్ళు కుళాయి లోంచే వచ్చాయి. స్కాన్ చేస్తే లోపల నాలుగు వందల పైన ఉంది.

డాక్టరమ్మ మొహంలో నవ్వు తగ్గింది. పదకొండున్నర దాకా చూద్దాం అన్నారు. అంతకంటే ఆపితే మూత్రసంచి సాగిపోతుంది, అది ఇంకా చేటు. ఆవిడ వెళ్ళగానే నర్సమ్మ ట్రేలో కొత్త గొట్టం పెట్టి, మంచం పక్కన బల్ల మీద ఉంచింది. ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు. పైడమ్మ దాన్నే చూస్తోంది. గౌరి కళ్ళు తుడుచుకుంటోంది. అప్పన్న వరండాలోకి వెళ్ళిపోయాడు.

నేను నర్సమ్మ మీద పడ్డాను. నువ్వు తలుపు దగ్గర నిలబడి అలా అరుస్తుంటే నాకైనా రాదు అన్నాను. ఆవిడ తగ్గే రకం కాదు. లోపల కళ్ళు తిరిగి పడితే ఎవరు జవాబు చెప్తారు, మీరు చెప్తారా అంది. ఆ మాటలో న్యాయం ఉంది, అందుకే ఇంకా కోపం వచ్చింది.

పైడమ్మ పక్కన కూర్చున్నాను. నీకు నిండినట్టు తెలుస్తోందా అని అడిగాను.

"అడుగున ఏదో బరువుగా ఉన్నాది. వస్తాదో రాదో తెల్దు." గొంతు తగ్గించి, "ఆ గదిలో నాను ఒక్కదాన్నే కూకోనుంటే, ఏటి సెయ్యాలో తెలట్లేదే ఇంద్రీ. నాను ఎప్పుడైనా ఒక్కదాన్నే ఎల్లేనేటి?"

నాకు మొగలి పొదలు గుర్తొచ్చాయి. ఐదుగురు మనుషులు, ఐదు చెంబులు, ఆగని మాటలు. నలభై ఏళ్ళుగా ఆమె ఒంటికి ఉన్న అలవాటు అది. నరాలు మేలుకున్నాయో లేదో నాకు తెలియదు. అవి మేలుకున్నా, ఆ తెల్ల గదిలో వాటిని పిలిచే మనుషులు లేరు. అంత పెద్ద బీఎస్సీ చదివిన నేను, గంటన్నర నుంచి కుళాయి తిప్పమని సలహాలిస్తున్నాను.

నర్సమ్మతో ఈసారి వాదించలేదు, చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. గుమ్మం తుడుస్తున్న ఆయా ముందు అందుకుంది. ఆమెది గజపతినగరం అవతల పల్లె. "నిజమే సిస్టరమ్మా. మా అత్తని ఇక్కడే సేర్పించినప్పుడు రెండు రోజులు ఎల్లలేదు" అంది. వెనక పాత బ్లాకులో ఆయాలు వాడుకునే దొడ్లు ఉన్నాయట. నేల మీద కూర్చునేవి, మధ్యలో నడుమెత్తు గోడలే, పైన కప్పు లేదు. నర్సమ్మ గడియారం చూసి, తనూ వస్తానంది. పడిపోతే పట్టుకోవాలిగా అంది. ఎంతొచ్చిందో కొలవడానికి కొలగిన్నె పైడమ్మ చేతికిచ్చింది.

అలా ఐదుగురం బయలుదేరాం. పైడమ్మ, గౌరి, ఆయా, నర్సమ్మ, నేను. లెక్క కూడా సరిపోయింది. గోడకి అటు పైడమ్మ కూర్చుంది, ఇటు మేం నిలబడ్డాం. పైన ఎండ, ఎక్కడో కాకి. ఎవరికీ మాట రావడం లేదు. వస్తుందా రాదా అని నలుగురూ ఊపిరి బిగపట్టి నిలబడితే, అది ఆ తెల్ల గదికంటే అన్యాయం.

మాట్లాడాలి. ఊరి కబుర్లు నాకు తెలియవు. నాకు తెలిసిన విద్య ఒక్కటే.

ఆయా వైపు తిరిగి గట్టిగా అన్నాను. ఈ నౌపడ నెత్తళ్ళకి ఎందుకింత పేరో నాకు అర్థం కాదమ్మా, మా బందరు వైపు నెత్తళ్ళ ముందు ఇవి ఎందుకూ పనికిరావు.

ఇవన్నీ ఇసక, కొరికితే కరకరమనేది చేప కాదు, ఇసక అన్నాను.

"ఏటీ?" అంది గోడ.

కడగడం కూడా రాదు వీళ్ళకి, ఉప్పెక్కువ వేసి తూకం పెంచుతారు అన్నాను. గౌరి నా మోచెయ్యి పట్టుకుంది.

"నోరు ముయ్యే, ఇంద్రీ. మీ బందరోళ్ళు బురదలో ఆరబెడతారు. నాను సూడలేదనుకున్నావేటి? మా నెత్తళ్ళు వల మీద ఆరతాయి. గాలి కిందనుంచి కూడా తగలాల. ఉప్పు ఎక్కువేసేది ఎవులు, నానా? టెక్కలి సంతలో అడుగు, పైడమ్మ సేప అంటే" అని అక్కడ ఆగింది.

మాట ఆగింది గానీ, చప్పుడు మొదలైంది. ముందు కొంచెం, ఆగి మళ్ళీ కొంచెం, తర్వాత ధారగా. గౌరి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆయా కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది. నేను బందరు నెత్తళ్ళ గురించి ఇంకేదో అనబోయి ఆగాను.

నర్సమ్మకి మాత్రం ఉద్యోగం ఉద్యోగమే. "కొలగిన్నెలో పోశావా?" అని అడిగింది.

"ఓలమ్మా, మర్సిపోనాను" అంది పైడమ్మ.

నర్సమ్మ అందర్నీ తిట్టి, స్కానింగుకి నడిపించింది. లోపల మిగిలింది యాభై. డాక్టరమ్మ తెర వైపు రెండుసార్లు చూశారు. బల్ల మీద ట్రేని నర్సమ్మ తీసుకుపోతుంటే, చింపని ఆ కవరు వైపు పైడమ్మ మొదటిసారి సూటిగా చూసింది.

ఆపరేషన్‌లో తీసినదాని ముక్క పరీక్ష ఫలితం కూడా ఆ రోజే చెప్పారు. అంచులు శుభ్రంగా ఉన్నాయి, గ్రంథుల్లోకి పాకలేదు. రేడియేషన్, అదే కరెంటు వైద్యం, అక్కర్లేదు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలు. ఒక్క హెచ్చరిక చేశారు. నిండిందన్న కబురు ఇంకా సరిగ్గా అందట్లేదు, అది రావడానికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. రావచ్చు అని మాత్రమే అనగలను అన్నారు. అప్పటిదాకా గడియారమే దిక్కు. మూడు గంటలకోసారి, వచ్చినట్టున్నా లేకపోయినా వెళ్ళాలి.

పైడమ్మ బొత్తాల ఫోనులో గౌరి అలారాలు పెట్టింది. మోగినప్పుడల్లా పైడమ్మ ఉలిక్కిపడి లేచేది. స్కూల్లో గంట కొట్టినట్టున్నాది, అప్పుడూ నాకు అంతే భయం అనేది.

తిరుగు దారి

ఇంకో నాలుగు రోజులు గరివిడిలో ఉండి, ఆస్పత్రిలో చూపించుకుని, నౌపడ రైలెక్కాం. డాక్టరమ్మకి నెత్తళ్ళు పంపుతానని పైడమ్మ మాటిచ్చింది, పంపింది కూడా. ఇంటికి చేరగానే పెరటి గదిలో కవ్వళ్ళ బస్తాలు ఖాళీ చేయించాలని రైల్లో అప్పన్నకి చెప్పాను. అప్పన్న ఆ గదికి మధ్య గోడ కొంచెం తగ్గించి, పక్కన రెండోది కడితే ఇద్దరు కూర్చోవచ్చేమోనని ఆలోచిస్తున్నాడు. వెక్కిరిస్తున్నాడేమోనని చూశాను. కాదు, నేల మీద వేలితో కొలతలు వేస్తున్నాడు.

నౌపడలో దిగి ఆటో ఎక్కాం. ముందు డ్రైవరు పక్కన అప్పన్న, వెనక మేమిద్దరం. మార్చి ఎండ. మడుల్లో ఉప్పు లాగుతున్నారు, తెల్లటి కుప్పలు వెళ్ళినప్పటికంటే పెరిగాయి. పైడమ్మ ఫోను నా సంచీలో ఉంది. అలారానికి ఇంకా ఐదు నిమిషాలుందని నేను చూసుకుంటూనే ఉన్నాను.

మొగలి పొదల మలుపు దగ్గర పైడమ్మ ఉన్నట్టుండి ఆటో కమ్మీ పట్టుకుంది.

"ఆపు" అంది.

ఏమైంది, కడుపు నొప్పా అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఎక్కడో దూరంగా ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు కాసేపు కదలకుండా కూర్చుంది. ఇంకా టైము కాలేదే అన్నాను.

"టైముతో పనేటే? నాకే వస్తంది."

ఆటో ఆగింది. అప్పన్న వెనక్కి తిరిగి ఆమెను ఒక్క క్షణం చూసి, మళ్ళీ ఉప్పు మడుల వైపు తిరిగాడు. నేనూ దిగాను, పొద దాకా వెళ్ళి ఇటు తిరిగి నిలబడి, నెత్తళ్ళ దగ్గర మొదలుపెట్టబోయాను.

"ఈసారి నువ్వేటీ అనక్కర్లేదు" అంది పొద వెనక నుంచి.

అనలేదు. గాలికి మొగలాకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఆ చప్పుడులో ఇంకో చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. అప్పుడు నా సంచీలో అలారం మొదలైంది. స్కూలు గంటలా, ఆగకుండా.

"ఆపీవే దాన్ని" అంది పైడమ్మ. "నాను ముందే వచ్చీసినాను."